మా అక్క ఇంగ్లీషు

మా అక్క డెలీనా తన కూతుర్ని ఆరు మాటలతో పెంచింది. కమ్, ఈట్, సిట్, వాష్, హర్రీ, నో. ఏడో మాట అవసరమైతే చెయ్యి వాడేది. కుక్కపిల్లను పెంచే వాళ్ళు కూడా ఇంతకంటే ఎక్కువ మాట్లాడతారని నేను ఊరందరితో అనేదాన్ని. అంటే నవ్వేవారు. నలుగురిని నవ్వించడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. పైగా నాది టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం. ఇంగ్లీషులో ఒకరికీ మా మాటలో ఒకరికీ తీగలు కలుపుతూ ఊరి గుట్టంతా చెవిలో వేసుకునేదాన్ని. ఎగతాళికి సరుకు ఏనాడూ కరువు కాలేదు.

మాది అమెరికాలో మెయిన్ రాష్ట్రానికి చిట్టచివర, సెయింట్ జాన్ నది ఒడ్డు. అవతలి ఒడ్డు కెనడా. రెండు ఒడ్ల మీదా అవే ఇంటిపేర్లు, అవే దుంపల చేలు, అదే ఫ్రెంచి. దాన్ని ఫ్రెంచి అనడం కూడా మాకు అలవాటు లేదు. మా మాట, అంతే.

నన్నూ అక్కనూ ఒకే ఏడు బడిలో వేశారు. తనకి ఏడేళ్ళు, నాకు అయిదున్నర. ఒకే గది, మధ్యలో ఒక ఇనప పొయ్యి, ముప్పై మంది పిల్లలు. ఆ ముప్పై మందిలో ఇంట్లో ఇంగ్లీషు వినే పిల్ల ఒక్కతీ లేదు. అయినా గడప దాటి లోపలికొస్తే ఇంగ్లీషు తప్ప మరోటి నోట రాకూడదు. చట్టమట. ఆ చట్టం రాసిన పెద్దమనిషి ఒక్కసారి కడుపు పట్టుకొని పరాయి ఊళ్ళో, పరాయి మాటలో పాయిఖానా ఎక్కడని అడిగి ఉంటే బాగుండేది.

టీచరు మిస్ డీన్. ఎక్కడో దక్షిణం నుంచి ఊడిపడిన దొరసాని కాదు. మాకు పన్నెండు మైళ్ళ దూరంలో, రొజాల్బా దెషెన్ అన్న పేరుతో పుట్టింది. మా అమ్మ పెళ్ళిలో బక్‌వీట్ అట్లు తిని, మా తాత ఫిడేలు వాయిస్తే గంతులేసిన పిల్ల. టీచరు చదువు చదివి వచ్చాక దెషెన్ కాస్తా డీన్ అయింది. మా మాట వినబడితే ఏదో వాసన తగిలినట్టు ముక్కు ఎగబీల్చేది.

మూడో వారంలో ఒక ఉదయం అక్క లేచి నిలబడి, మా మాటలో, "టీచర్, బయటికెళ్ళొస్తాను" అంది.

"ఇంగ్లీషులో అడుగు" అంది మిస్ డీన్.

అక్కకి ఇంగ్లీషులో తన పేరు చెప్పడం ఒక్కటే వచ్చు. అదే చెప్పింది. వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. "ఇంగ్లీషులో అడుగు" అని ఆవిడ మళ్ళీ అంది. అక్క కాళ్ళు దగ్గరికి ముడుచుకొని నిలబడింది. ఆవిడ పుస్తకంలోకి తల దించుకొని పాఠం సాగించింది. కాసేపటికి అక్క మేజోళ్ళ మీదుగా నీళ్ళు కారి చెక్క నేల మీద మడుగు కట్టాయి.

మిస్ డీన్ గుడ్డ ఇచ్చి అక్కచేతే తుడిపించింది. తరవాత బట్టలు ఆరేదాకా పొయ్యి పక్కన, అందరికేసీ మొహం తిప్పి నిలబెట్టింది. మధ్యాహ్నం దాకా ఆరలేదు. వేడికి వాసన లేచి, గదంతా నవ్వింది. అక్క ఏమడిగిందో ఆవిడకి అర్థం కాక కాదు. మాకెంత అర్థమైందో ఆవిడకీ అంతే అర్థమైంది.

ఇంటికొచ్చాక అమ్మ తడి మేజోళ్ళు చూసి అక్కనే తిట్టింది. మేమిద్దరం ఏమీ చెప్పలేదు. ఆ ఏడాదంతా అక్క బడిలో నోరు విప్పలేదు. పన్నెండేళ్ళు నిండాక మానేసింది. నేను మాత్రం మొండికేసి, వెక్కిరించీ అనుకరించీ ఇంగ్లీషు పట్టేశాను.

అక్కకి రోజేర్ సిర్ అనే రైతుతో పెళ్ళయింది. మంచివాడు. కానీ ట్రాక్టరు ముందు పుట్టి మనిషి తరవాత పుట్టాడేమో అన్నంత మౌనం. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అతని తల్లి యూఫ్రొజీన్‌కి అసలే రాదు. అలాంటి ఇంట్లో ఆడపిల్ల పుట్టగానే మా అక్క ఒక శాసనం చేసింది. ఈ పిల్ల చెవిన మన మాట పడకూడదు. రేడియోలో విన్న పేరు ఒకటి పట్టుకొచ్చి బెవర్లీ అని పెట్టింది. ముసలావిడకి ఆ పేరు నోరు తిరగలేదు. "బెబెలీ" అనేది. అక్క ప్రతిసారీ మొహం మాడ్చుకునేది.

"అత్తయ్యా, దాంతో మాట్లాడొద్దన్నానా?"

"మాట్లాడలేదే. పిలిచాను."

"పిలవడం కూడా మాటే."

"అయితే ఈల వెయ్యనా, కోడిపెట్టకి వేసినట్టు?"

కాబట్టి ఆ పిల్లని తండ్రి పలకరించకూడదు. మెమేర్ కథ చెప్పకూడదు. మా దగ్గర నానమ్మనైనా అమ్మమ్మనైనా మెమేర్ అనే అంటాం. ఇక మిగిలింది తల్లి. ఆ తల్లి దగ్గర ఉన్నవి ఆ ఆరు మాటలు. మా మాటలో పిల్లని ముద్దు చెయ్యడానికి ముప్పై పిలుపులున్నాయి. మొక్కజొన్నపొత్తూ, వెన్నముద్దా, చిట్టి కప్పపిల్లా అంటూ అడ్డమైన వాటితోనూ పోల్చి పిలుస్తాం. అక్కకి ఇంగ్లీషులో అవేవీ తెలియవు. తెలియని వాటిని ఎక్కణ్ణించి తెస్తుంది? పిల్ల జ్వరంతో ఒళ్ళు కాలుతుంటే పక్కన కూర్చొని "ఈట్, ఈట్" అనడం నా చెవులతో విన్నాను.

బెవర్లీకి మూడున్నరేళ్ళు వచ్చినా మాట రాలేదు. ఆరోగ్య శాఖ నర్సు ఒకావిడ ఇంటికొచ్చి, పిల్ల గొంతులోకి టార్చి వేసి చూసి, కార్డు మీద ఏదో రాసుకుంది. ఆ కార్డు కాపీ అక్క నాకే చూపించింది, చదివిపెట్టమని. "పిల్ల ఎదుగుదల మందం. తల్లి ముభావంగా ఉంటుంది, సహకరించదు" అని ఉంది. బాగానే ఉందని రాశారని చెప్పాను. అంతకంటే ఏం చెప్పను!

మరో పిచ్చి కూడా ఉండేది. ఎక్కడికి బయల్దేరినా ముందు పిల్లని దొడ్డికి పంపించి తలుపు బయట కాపలా నిలబడేది. చర్చిలో పాదిరీ ప్రసంగం సగంలో ఉండగా పిల్ల జబ్బ పట్టుకొని బయటికి ఈడ్చుకెళ్ళేది. పిల్ల అక్కర్లేదని తల ఊపినా సరే. "సిర్ వాళ్ళ పిల్ల లేచింది, ఇక ప్రసంగం ఇంకో పావుగంటే" అని జనం నవ్వుకునేవారు. ఆ మాట మొదట అన్నది నేనే. అక్క ఎందుకలా చేస్తుందో ఆ ఊళ్ళో నా ఒక్కదానికే తెలుసు. తెలిసే అన్నాను.

బెవర్లీకి తొమ్మిదేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం ఎక్స్ఛేంజి బోర్డు మీద వాళ్ళింటి దీపం వెలిగింది. తీగ కలిపి "నంబరు?" అన్నాను.

"జెలీ పిన్నీ, నేను. మెమేర్‌కి ఒలివీన్ మామ్మతో మాట్లాడాలట. తొందరగా కలుపు, అమ్మ కోళ్ళ దగ్గరుంది."

స్వచ్ఛమైన మా మాట. అదీ ఎనభై ఏళ్ళ ముసలమ్మ యాసలో. నాకు చెవుల మీది గొట్టాలు జారిపోయాయి.

"నీకెలా వచ్చే ఇది?"

"నేలమాళిగలో దుంపల మొలకలు గిల్లుతాం కదా, మెమేర్‌తో. అక్కడ అమ్మకి వినబడదు. అమ్మతో చెప్పకు పిన్నీ, నీకు పుణ్యముంటుంది. ఇవాళ మోకాలు సలుపుతోంది, రేపు వాన ఖాయం."

"నీకా సలిపేది?"

"మెమేర్‌కి. మా ఇద్దరికీ ఒకటే."

వెనక నుంచి ముసలావిడ గొంతు వినబడింది. "మీ పిన్నితో చెప్పు, మీ అమ్మకి ఆరు మాటలొచ్చు, మా పుంజుకి ఏడొచ్చని."

నా వేళాకోళం నా కంటే ముందే ఆ ఇంటికి చేరిందన్నమాట. ఒలివీన్ మామ్మకి తీగ కలిపి, ఆ పూటంతా నాలో నేను నవ్వుకున్నాను.

ఆ శరత్కాలంలోనే జరిగింది. మా దగ్గర దుంపలు తవ్వే మూడు వారాలు బళ్ళు మూసేస్తారు, పిల్లలూ పెద్దలూ చేలోనే. శనివారం కాబట్టి నేను కూడా రోజేర్ వాళ్ళ చేనుకి వెళ్ళాను. ముందు యంత్రం దుంపల్ని పైకి తిరగేస్తూ పోతుంటే, వెనక మేము నడుం వంచి బుట్టల్లోకి ఏరి, పీపాల్లో పోస్తున్నాం. పొద్దుటి మంచుకి మట్టి గడ్డకట్టి వేళ్ళు కొయ్యబారుతున్నాయి. మా పక్క చాలులో క్లోవిస్, అతని భార్య ఆర్మాండ్, వాళ్ళ పిల్లలు. బెవర్లీని పదిగంటలకి ఇంటికి పంపారు, మెమేర్ వండిన కోడి పులుసు తీసుకురమ్మని.

కాసేపటికి పిల్ల చేనుకడ్డంగా, చాళ్ళ మీద పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చింది. చేతిలో పులుసు గిన్నె లేదు. ఒక కాలికి బూటు లేదు.

"అమ్మా! అమ్మా! మెమేర్ నేలమాళిగ మెట్ల మీంచి పడిపోయింది! లేవట్లేదు! కాలు అడ్డంగా తిరిగిపోయిందమ్మా!"

అంతా మా మాటలోనే. తొమ్మిదేళ్ళలో ఆ పిల్ల తల్లిని మా మాటలో అమ్మా అని పిలవడం అదే మొదలు.

అక్క బుట్ట దించి లేచింది. లేస్తూనే పిల్ల చెంప మీద కొట్టింది. ఆ చప్పుడు పక్క చాలులోకి వినబడింది. ఆర్మాండ్ పిల్లలు ఏరడం ఆపి చూశారు.

"సే ఇన్ ఇంగ్లీష్" అంది అక్క.

బెవర్లీకి ఇంగ్లీషు రాక కాదు. క్లాసులో తనదే మొదటి మార్కు. కానీ ఆ క్షణాన నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. ఒక్క ముక్క రాలేదు. చెంప మీద మట్టి వేళ్ళు అచ్చుపడి ఉన్నాయి. అక్క మళ్ళీ, "ఇన్ ఇంగ్లీష్!" అంది. గొంతు కీచుమంది. చెయ్యి మళ్ళీ లేచింది.

ఆ చేతిని నేను పట్టుకున్నాను.

"అర్థం కాలేదా అక్కా నీకు? కాలేదా? మిస్ డీన్‌కీ ఇలాగే అర్థం కాలేదు మరి!"

అందరి ముందూ అరిచాను. అక్క నా వైపు చూసిన చూపు ఇప్పటికీ చెప్పలేను. చెయ్యి విడిపించుకొని ఇంటి వైపు పరుగెత్తింది. నేను రోజేర్‌ని కేకేశాను. క్లోవిస్ కొట్టం తలుపు ఊడబీకి తెచ్చాడు. దాని మీద ముసలావిణ్ణి పడుకోబెట్టి పైకి చేర్చారు. నొప్పితో మొహం సున్నంలా పాలిపోయినా ఆవిడ నోరు ఊరుకోలేదు. "తలుపు మీద మోస్తున్నారా? ఇంకా చావలేదర్రా, కాస్త ఆగండి" అంది. తుంటి ఎముక విరిగింది. డాక్టరు వచ్చి, ఈ వయసులో అతకదన్నాడు.

సాయంత్రం వంటింట్లో అక్కా నేనూ మిగిలాం. చేతులు కడుక్కుంటూ నేను మొదలుపెట్టాను. ఎగతాళి మనిషిని కదా, ఆగలేను.

"బాగా పెంచుతున్నావు. ఇల్లు తగలబడుతోందని పిల్ల చెప్పినా ముందు వ్యాకరణం చూస్తావు."

అక్క గిన్నె తోముతూనే ఉంది.

"ఆవిడ నిన్ను ఒక్కసారే నిలబెట్టింది. నువ్వు నీ కూతుర్ని తొమ్మిదేళ్ళుగా పొయ్యి పక్కన నిలబెట్టావు."

అప్పుడు అక్క ఇటు తిరిగింది. "నువ్వు నవ్వావు" అంది.

"ఏంటి?"

"ముందు బెంచీలో కూర్చున్నావు. నీ కాళ్ళు నేలకి అందేవి కాదు. ఊపుకుంటూ నవ్వావు. వాళ్ళందరూ పరాయి వాళ్ళు. నువ్వు నా చెల్లెలివి."

"అయిదేళ్ళ పిల్లనే నేను!"

"నేను ఏడేళ్ళ పిల్లని."

ఇరవయ్యారేళ్ళలో మేము ఆ సంగతి ఎత్తడం అదే.  ఏ మనిషికైనా ఠక్కున అంటించే నోరు నాది. ఆ పూట తువ్వాలు మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టాను.

"దాన్ని చూసి ఎవ్వరూ నవ్వకూడదు. అంతే నేననుకున్నది" అంది అక్క. "దాన్ని చూసి ఏ ముండా నవ్వకూడదు."

ఊరంతా నవ్వుతోందనీ, ఆ నవ్వు నేనే అంటించాననీ ఆవిడకి తెలుసో తెలియదో. నేను చెప్పలేదు. ధైర్యం నాలుకకి మాత్రమే ఉంది నాకు.

అక్క ఆ రోజు నుంచి మారిపోయి పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుందని చెబితే వినేవాళ్ళకి హాయిగా ఉంటుంది. అలాంటిదేమీ జరగలేదు. క్షమించమని కూతురితో ఏనాడూ అనలేదు. కొట్టడం మాత్రం మానేసింది. మెమేర్ మంచం వంటింట్లోనే వేశారు. ముసలావిడ రెండు శీతాకాలాలు దాని మీదే బతికింది. బెవర్లీ బడి నుంచి రాగానే మంచం అంచున కూర్చొని, దాచుకోకుండా, గొంతెత్తి మా మాటలో కబుర్లు చెప్పేది. మొదట్లో అక్క లేచి వెళ్ళిపోయేది. తరవాత వీపు అటు తిప్పి దుంపల తొక్క తీస్తూ కూర్చునేది. కూతురితో ఏమైనా అనాల్సి వస్తే మా మాటలోనే అనేది, కానీ ముసలావిడకి చెప్పేది.

"అత్తయ్యా, గిన్నెలు కడిగిందేమో అడగండి."

"మెమేర్, కడిగానని చెప్పు."

"ఇద్దరి మధ్యా నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిని" అనేది ముసలావిడ. "జెలీకి ఇస్తున్న జీతం నాకిమ్మనండి."

ముసలావిడ పోయాక ఆ తీగ తెగింది. తల్లీ కూతుళ్ళు ఒకే బల్ల దగ్గర తిని లేచేవారు. పద్దెనిమిదో ఏట బెవర్లీ కనెటికట్ వెళ్ళి నర్సింగు చదివింది. అక్కడే పెళ్ళి చేసుకుంది.

కొన్నేళ్ళకి ప్రభుత్వం వాళ్ళకి హఠాత్తుగా మా మాట మీద ప్రేమ పొంగింది. ఫైళ్ళు పట్టుకొని ఇద్దరు వచ్చారు. పిల్లలకి రెండు భాషల్లో చదువు చెబుతారట, మా పాటలు, పొడుపు కథలు రికార్డు చేసుకుంటారట. "మీ భాష అమూల్యమైన సంపద, అది అంతరించిపోతోంది" అన్నాడు అందులో కుర్రవాడు, ఏదో మాకు తెలియని కబురు మోసుకొచ్చినట్టు. ఎందుకంతరించిపోతోందో వాళ్ళ ఫైల్లో ఎక్కడా లేదు. అక్క వాళ్ళకి కాఫీ పోసింది, అట్లు పెట్టింది. పాటలు రావంది. రికార్డు యంత్రం వైపు చూడనైనా చూడలేదు. వాళ్ళు వెళ్ళాక, "అట్టు మాత్రం రెండేసి తిన్నారు" అంది.

బెవర్లీ ఓ జూలైలో ఏడు నెలల కొడుకుని తీసుకొని పది రోజులకి వచ్చింది. వాడి పేరు టాడ్. ఒక మధ్యాహ్నం బెవర్లీ, నేను వరండాలో బఠాణీలు ఒలుస్తున్నాం. వాడు తన ఒళ్ళో ఏడుస్తున్నాడు. బెవర్లీ వాణ్ణి ఎత్తి ఊపుతోంది, వీపు నిమురుతోంది. అంతా సక్రమంగా, నర్సు చేసినట్టు. నోట మాత్రం ఒక్క మాట లేదు.

"ఏమన్నా అనవే వాణ్ణి" అన్నాను.

"ఏమనాలి పిన్నీ?" అంది. "మా ఆస్పత్రిలో అందరూ నేను మంచి తల్లినంటారు. వాడి మీద చెయ్యెత్తలేదు, ఎత్తను. కానీ వాడు ఏడిస్తే నాకు గొంతు పట్టేస్తుంది. ఇంగ్లీషులో అందామంటే అమ్మ గొంతులా వస్తుంది. మన మాటలో అందామంటే ఎక్కణ్ణించో చెయ్యి లేస్తుందని ఒళ్ళు బిగుసుకుంటుంది. ముప్పై ఏళ్ళొస్తున్నాయి. నవ్వొస్తోంది కదూ?"

"నేనెందుకు నవ్వుతాను" అన్నాను. నా మొహం ఎలా ఉందో గానీ, తను నా చేతి మీద చెయ్యి వేసింది.

లోపల్నుంచి అక్క వచ్చింది. విన్నదో లేదో తెలియదు, అడిగే ధైర్యం లేదు. తడి చేతులు పావడాకి తుడుచుకొని, మారు మాట లేకుండా పిల్లవాణ్ణి లాక్కొని వరండా చివరికి పోయింది. వాడింకా గట్టిగా అందుకున్నాడు.  అక్క రోడ్డు కేసి వాడి మొహం తిప్పింది. అవతల ఎదురింటి లియోనిద్ తన పాత లారీ బానెట్ ఎత్తి, లోపలికి తల దూర్చి ఉన్నాడు.

"అదిగో చూడు" అంది అక్క, మా మాటలో.  "వాడు లియోనిద్. వాడిది ఆ లారీ. ఆ లారీ నడవదు. వాడూ నడవడు. నాలుగేళ్ళుగా రోజూ అలాగే దూరి ఉంటాడు. తలకాయ లోపల మర్చిపోయి ఇంటికి పోతాడు. వాడి పెళ్ళానికి తేడా తెలీదు."

వాడు వెక్కుతూ ఆగాడు. అక్క మొహంలోకి చూసి, మళ్ళీ వెక్కాడు.

"అది వాడి కుక్క. దాని మొహం చూడు, అచ్చం వాడిదే. ఇద్దర్లో అదే నయం, స్నానం చేస్తుంది."

బెవర్లీ బఠాణీల పళ్ళెం పక్కన పెట్టి లేచింది. దగ్గరికి పోలేదు. గడప దగ్గర స్తంభానికి ఆనుకొని, తల్లి వీపు వైపు చూస్తూ వింది. అక్క వెనక్కి తిరగలేదు. లియోనిద్ అయ్యాక అతని తమ్ముణ్ణి ఎగతాళికి పట్టుకుంది. తమ్ముడయ్యాక వాళ్ళ మామగారిని.